నాలుగు మెట్లెక్కితే ఆయాసం: అంతా కోవిడ్ ఖాతాలోనేనా?

"వీళ్ళు కోవిడ్ బ్యాచ్ సార్, ఇంతే." ఈ మాట మా స్టాఫ్‌రూమ్‌లో దేనికైనా సరిపోతుంది. రాత బాగోకపోతే కోవిడ్, పది నిమిషాలు కుదురుగా పాఠం వినలేకపోతే కోవిడ్, వైవాలో నోరు పెగలకపోతే కోవిడ్. ఈమధ్య లిఫ్ట్ రిపేరుకొచ్చి మూడో అంతస్తులోని ల్యాబుకి పిల్లలు మెట్లెక్కి రావాల్సొచ్చింది. చాలామంది గుమ్మం దగ్గర ఆగి, గోడకి చెయ్యి ఆనించి, కాస్త ఊపిరి తీసుకుని గానీ లోపలికి రాలేదు. పంతొమ్మిదేళ్ళ పిల్లలు. వాళ్ళ వెనకాల వచ్చిన మా అటెండరుకి యాభై దాటాయి, ఆయన రెండు చేతుల్లో రెండు మానిటర్లు. అప్పుడు కూడా ఎవరో అదే మాట అన్నారు, అందరూ తలూపారు.

ఒకసారి లెక్క వేసి చూడండి. ఇప్పుడు ఇంజనీరింగ్ సెకండియర్ చదువుతున్న కుర్రాడు 2020 మార్చిలో ఎనిమిదో తరగతి. ఆ తర్వాత వాడికి పదో తరగతి అయింది, రెండేళ్ళ ఇంటర్ అయింది, ఎంట్రన్స్ అయింది, ఫస్టియర్ కూడా అయింది. లాక్‌డౌన్‌లో పోయిన ఊపిరి ఇన్నేళ్ళయినా తిరిగి రాలేదంటే దాన్ని మనమే రానివ్వట్లేదని నా అనుమానం. మహమ్మారి మన విద్యార్థుల ఒంటిని కట్టి పడేసిన మాట నిజం. కానీ అది ఎప్పుడో వదిలేసి పోయింది. మిగతాదంతా మనం దాని పేరు మీద రాసుకుంటున్న పద్దు.

అసలు ఆగింది ఏమిటి

2019లో మన గోదావరి డెల్టా విద్యార్థి ఒంటికి పని ఎక్కడ దొరికేదో గుర్తు తెచ్చుకుందాం. సఖినేటిపల్లి అవతల ఏ పల్లె నుంచో నరసాపురంలో డిగ్రీకి వెళ్ళే అమ్మాయి ఇంటి నుంచి రోడ్డు దాకా నడవాలి, ఆటో దిగి రేవులోకి దిగాలి, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద నిలబడి గోదావరి పాయ వశిష్ఠ దాటాలి, అవతల గట్టెక్కి మళ్ళీ నడవాలి. సాయంత్రం ఇదంతా వెనక్కి. కోటిపల్లి రేవులో అయితే ఎండాకాలం నీరు వెనక్కి పోయి, పంటు ఎక్కే చోటు దాకా ఇసకలో నడక అదనం. అమలాపురం చుట్టుపక్కల కుర్రాళ్ళు కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ సెంటర్‌కొచ్చి, తెలిసిన కొట్టు పక్కన సైకిలు పెట్టి, ఆర్టీసీ బస్సులో నిలబడో వేలాడో కాలేజీకి చేరేవాళ్ళు. మన నేల పళ్ళెంలా చదును, సైకిలుకి ఇంతకన్నా మంచి దేశం ఉండదు.

వీళ్ళలో ఎవరినైనా ఆపి "వ్యాయామం ఏం చేస్తావు?" అని అడిగితే "ఏమీ చెయ్యనండి" అనేవాళ్ళు. అది వాళ్ళకి దారి, అంతే. కబడ్డీ ఆడేవాళ్ళు, ఊరి వాలీబాల్ కోర్టులో సాయంత్రం దిగేవాళ్ళు, జిమ్ముకి డబ్బు కట్టేవాళ్ళు తక్కువ మంది. దారి మాత్రం అందరికీ ఉండేది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. పంట్లు ఆగాయి, బస్సులు ఆగాయి, హాస్టళ్ళు ఖాళీ చేయించారు. ఆటలు పోయినందుకు బాధపడ్డవాళ్ళు కొందరే. దారి పోయిందని మాత్రం ఎవరూ బాధపడలేదు, పైగా హాయిగా ఉందనుకున్నారు. పొద్దున తొమ్మిదింటికి క్లాసంటే ఎనిమిదీ యాభై ఎనిమిదికి లేచి, మంచం మీదే జూమ్ తెరిచి, కెమెరా ఆపుకుని, మళ్ళీ దుప్పటి కప్పుకోవచ్చు. నేను అవతలి వైపు నుంచి పాఠం చెబుతూ అందరి పేర్లూ ఉన్న నల్ల గడుల్ని చూస్తుండేవాణ్ణి. ఆ గడుల వెనక ఎంతమంది కూర్చున్నారో, ఎంతమంది పడుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

అదే సమయంలో ప్రపంచంలో చాలా యూనివర్సిటీలు తమ విద్యార్థులకి ఫారాలు పంపి అడిగాయి, ఎంత కదులుతున్నారు, ఎంతసేపు కూర్చుంటున్నారు అని. ఎక్కువ చోట్ల వచ్చిన జవాబు మనం ఊహించేదే: నడక తగ్గింది, కూర్చోవడం పెరిగింది. అయితే నన్ను ఆపిన ఫలితాలు వేరే ఉన్నాయి. అమెరికాలోని ఒహాయోలో చేసిన ఒక అధ్యయనంలో అంతకుముందు బాగా కదిలేవాళ్ళకి తగ్గింది, పెద్దగా కదలనివాళ్ళకి మాత్రం పెరిగింది. స్పెయిన్‌లో ఆరోగ్య కోర్సులు చదివే విద్యార్థుల్ని అడిగితే ఇంట్లో బందీలుగా ఉన్న ఆ రోజుల్లో వ్యాయామమూ పెరిగింది, కూర్చునే సమయమూ పెరిగింది. రెండూ ఒకేసారి ఎలా అనిపిస్తుంది గానీ మా ఎదురింటి కుర్రాణ్ణి చూస్తే అర్థమైపోతుంది. పొద్దున్నే డాబా మీద యూట్యూబ్ పెట్టుకుని అరగంట చెమటలు కక్కేలా గెంతేవాడు, మిగతా రోజంతా నవారు మంచం మీద పబ్జీ. ఆ గేమ్‌ని సెప్టెంబర్ 2న ప్రభుత్వం నిషేధించినప్పుడు వాళ్ళమ్మ గుళ్ళో కొబ్బరికాయ కొట్టిందని చెప్పుకున్నారు.

ఈ సర్వేల్లో ఒక లోపం అందరికీ తెలిసిందే. గూగుల్ ఫారం నింపేది నెట్ ఉన్నవాడు, ఓపిక ఉన్నవాడు. గత 7 రోజుల్లో ఎన్ని నిమిషాలు నడిచారని అడిగితే గుర్తుపెట్టుకుని చెప్పేదెవరు? అందుకని ఆ అంకెల్ని నేను నెత్తిన పెట్టుకోను. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి పనికొస్తాయి.

దొడ్లో జరిగింది ఫారంలో పడలేదు

మా మేనకోడలు అప్పుడు కాకినాడలో బీఎస్సీ సెకండియర్. హాస్టల్ నుంచి ట్రంకు పెట్టెతో సహా ఊరొచ్చింది. హైదరాబాద్ నుంచి మా అన్నయ్య వాళ్ళు కూడా వచ్చి ఇరుక్కుపోవడంతో ఇంట్లో ఎప్పుడూ లేనంత మంది. పనమ్మాయిని రావొద్దన్నారు. ఆ వేసవి మొత్తం ఈ పిల్ల వాకిలి ఊడ్చి కళ్ళాపి జల్లడం, అంట్లు, బట్టలు, మధ్యాహ్నం పిండివంటలు (మనవాళ్ళకి సెలవంటే నోటికి పని కదా), ఆవకాయల రోజుల్లో కాయలు తుడిచి ముక్కలకి అందించడం, ఇలా గడిచింది. అలాంటి ఒక రోజున వాళ్ళ కాలేజీ సీనియరెవరో ప్రాజెక్టు కోసం ఫారం పంపితే నా దగ్గరికొచ్చింది.

"మావయ్యా, వారంలో ఎన్ని రోజులు ఓ మోస్తరు శ్రమ చేశావని అడుగుతోంది. అంట్లు తోమడం అందులోకొస్తుందా?"

"వస్తుందనే అనుకుంటున్నానే. వెయ్యి."

"మరీ సిల్లీగా ఉంటుంది. సున్నా వేసేస్తా. నడక ఎంత అంటోంది, దొడ్లోకీ వంటింట్లోకీ తిరిగింది నడకేనా?"

నేను ఏదో చెప్పేలోపు అక్కడా సున్నా కొట్టేసింది. వాళ్ళ తమ్ముడు సాయంత్రం వాలీబాల్ గంటన్నర అని వేశాడు. కాగితం మీద వాడు చురుకైనవాడు, ఇది కదలని పిల్ల. రోజంతా కాళ్ళమీద ఉన్నదెవరో ఇంట్లో అందరికీ తెలుసు.

ఎవరెంత కదులుతున్నారో కొలవడానికి ఎక్కువగా వాడే అంతర్జాతీయ ప్రశ్నావళి రెండు రకాలు. పెద్దదాంట్లో ఇంటిపనికి విడిగా ఒక భాగం ఉంది. పొట్టిదాంట్లో ఇల్లూ దొడ్డీ అన్నీ కలిపి చెప్పమంటారు గానీ విడిగా అడగరు. చేతిలో ఫోనుతో నింపే పిల్ల ఆ సూచన దాకా చదవదు. 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మార్గదర్శకాలు ఇస్తూ పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరుగానైనా కదలాలంది, ఒక్కోసారి కనీసం 10 నిమిషాలుండాలన్న పాత షరతు తీసేసింది, ఇంటిపనైనా సరే ప్రతి కదలికా లెక్కేనంది. ఆ లెక్కన మా పిల్ల 300 ఎప్పుడో దాటేసింది.

మరి సంతోషించాలా? ఇక్కడే నాకు తేలదు. గుండెకీ కండరానికీ అది వాలీబాలా, బట్టలుతకడమా అన్న తేడా పెద్దగా తెలియకపోవచ్చు. కానీ హాస్టల్లో ఉన్నప్పుడు ఇది సాయంత్రాలు స్నేహితురాళ్ళతో మెయిన్ రోడ్డు దాకా నడిచి, అవసరం లేని క్లిప్పులు కొనుక్కుని, పానీపూరీ తిని తిరిగొచ్చేది. ఆ నడక ఎవరో చెబితే చేసింది కాదు. ఇంటిపని నిమిషాల్ని దాని స్థానంలో పెట్టి లెక్క సరిపోయిందనడం నాకు మనసొప్పదు. అలాగని ఆ పనిని లెక్కలోంచి తీసేసి "అమ్మాయిలు లాక్‌డౌన్‌లో కదల్లేదు" అని రాసే పేపరంటే ఇంకా ఒళ్ళు మండుతుంది.

మగపిల్లల సంగతీ అంతా మంచం మీదే నడవలేదు. అది దాళ్వా (రెండో పంట వరి) కోతల కాలం. వ్యవసాయానికి లాక్‌డౌన్‌ నుంచి సడలింపు ఇచ్చినా కూలీలు దొరకలేదు, కోత మిషన్లు దొరకడం కష్టమైంది. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి కాళ్ళతో తిరగేస్తూ బీటెక్ కుర్రాళ్ళు కనిపించారు. మా వీధిలో ఒకడు జీవితంలో మొదటిసారి బస్తా వీపు మీదికెత్తుకుని వారం రోజులు మెడ తిప్పలేకపోయాడు. జూన్‌లో కాలవలకి నీరొదిలాక ఈతలు సరేసరి. కొబ్బరితోటల్లో క్రికెట్ ఆడుతుంటే పోలీసుల డ్రోన్ కనపడగానే చెట్ల మధ్య నుంచి చెల్లాచెదురుగా పరిగెత్తారే, ఆ సంవత్సరం డెల్టాలో జరిగిన తీవ్రమైన వ్యాయామం అదేనని నా నమ్మకం. రాజమండ్రిలో రెండు గదుల ఫ్లాటులో, అదీ కంటైన్‌మెంట్ జోన్లో చిక్కుకున్నవాడికి ఇందులో ఏదీ లేదు. "విద్యార్థులు" అని అందరినీ ఒకే ముద్ద చేయడం ఎంత కష్టమో చూడండి.

మూడు వారాల మంచం

నా వాదనకి ఆధారం ఒక పాత ప్రయోగం. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవయ్యేళ్ళ ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళు 5 మందిని 3 వారాలు మంచం మీదే ఉంచేశారు. లేచాక పరీక్షిస్తే, కష్టపడి పరిగెత్తేటప్పుడు ఒళ్ళు వాడుకోగల ఆక్సిజన్ పావువంతుకి పైగా పడిపోయింది. 30 ఏళ్ళ తర్వాత ఆ ఐదుగురినే వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షించారు. అప్పటికి యాభై ఏళ్ళ వాళ్ళు, పొట్టలొచ్చాయి. అయినా సరే, ఆ విషయంలో 30 ఏళ్ళ వయసు చేసిన నష్టం కన్నా అప్పటి 3 వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది.

ఈ కథ చెప్పి భయపెట్టేవాళ్ళు దీని రెండో సగం చెప్పరు. 1966లోనే, మంచం దిగాక ఆ కుర్రాళ్ళకి సుమారు 8 వారాలు శిక్షణ ఇచ్చారు. పోయింది తిరిగొచ్చింది, కొందరికి మొదట్లో ఉన్నదానికన్నా బాగా పెరిగింది కూడా.

ఇరవయ్యేళ్ళ ఒళ్ళు అలాంటిది. అందుకే "కోవిడ్ బ్యాచ్" అనే మాట నాకు మింగుడు పడదు. వాళ్ళు తిరిగొచ్చాక ఆ 8 వారాలు ఎక్కడ ఇచ్చాం?

తిరిగొచ్చింది ఎక్కడికి

ఆర్టీసీ బస్సులు 2020 మే 21న మళ్ళీ మొదలయ్యాయి, సీట్లు తగ్గించి. ఎక్కాలంటే భయం. మా వీధిలో ఒక్కొక్క ఇంటికీ స్కూటీలు దిగింది ఆ ఏడాదే. తాకట్టు పెట్టో, చీటీ ఎత్తో కొన్నారు. తప్పు పట్టలేం, పిల్లని కిక్కిరిసిన బస్సులో ఎలా పంపుతారు? కానీ రోగం పోయినా స్కూటీ పోదు. వీధి చివర కిళ్ళీ కొట్టుకీ దాని మీదే. కాలేజీలూ అంతే, "మీ ఇంటి ముందు నుంచి కాలేజీ గేటు దాకా" అంటూ బస్సుల్ని ఊళ్ళ లోపలికి తిప్పడం మొదలుపెట్టాయి, అడ్మిషన్లు కావాలి కదా. ఇప్పుడు మా విద్యార్థి ఒకరు పొద్దున ఇంటి అరుగు దిగి బస్సెక్కితే, బస్సు దిగి క్లాసులోకి, అక్కడి నుంచి క్యాంటీన్‌కి, మళ్ళీ బస్సు. లిఫ్ట్ ఉందని చెప్పానుగా.

దీనికి ముందు ఇంటర్ రెండేళ్ళున్నాయి. అపార్ట్‌మెంట్ లాంటి భవనం, కింద క్లాసులు, పైన హాస్టల్, పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ఇది కోవిడ్ తెచ్చింది కాదు. ఇరవై ఏళ్ళుగా మనమే ఫీజు కట్టి మరీ పిల్లల్ని పంపుతున్నాం. హైస్కూల్ ఆడపిల్లలకి "బడికొస్తా" అని ప్రభుత్వం సైకిళ్ళిచ్చింది, అవి పదో తరగతి అవగానే చేలోకి వెళ్ళే నాన్నకి దక్కాయి. మరి 2019కి ముందు బ్యాచ్‌లు కూడా ఇదే ఇంటర్ నుంచి వచ్చాయి కదా, వాళ్ళకి ఆయాసం లేదా అని మా సహోద్యోగి ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఉండే ఉంటుంది, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. కొందరికి మాత్రం ఇంజనీరింగ్‌లో చేరాక మళ్ళీ దారి దొరికేది.

గ్రౌండ్ సంగతి మా పీడీ గారితో, అంటే ఆటలు చూసుకునే ఫిజికల్ డైరెక్టర్‌తో మాట్లాడాను. మా కాలేజీ గ్రౌండ్ తనిఖీలకొచ్చే వాళ్ళకి చూపించే ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. పిల్లలు రారేంటండీ అంటే ఆయనకి కోపమొచ్చింది.

"గ్రౌండ్ ఖాళీగా ఉందని పిల్లల్ని అంటారేంటండీ బాబూ. ఆఖరి పీరియడ్ నాలుగూ ఇరవైకి వదులుతారు, బస్సులు నాలుగూ నలభైకి కదుల్తాయి. ఆ ఇరవై నిమిషాల్లో నెట్టు కట్టి, విప్పనా? బస్సు తప్పితే ఆ పిల్లోడు అంబాజీపేట ఎలా ఎళ్తాడు, మీరు దింపుతారా?"

హాస్టల్ కుర్రాళ్ళు కొందరు ఆడతారు. అమ్మాయిల హాస్టల్ వెనక షటిల్ కోర్టొకటి ఉంది, ఆరింటికి గేటు వేసేస్తారు. టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉంది కదా అంటే, సిలబస్ అవ్వలేదని దాన్ని తీసుకునేది మా డిపార్ట్‌మెంటు వాళ్ళేనట. నేనేం మాట్లాడలేదు. ఫిట్ ఇండియా అని కేంద్రం ఉద్యమం ప్రారంభించింది 2019 ఆగస్టు 29న, అంటే లాక్‌డౌన్‌కి ఏడు నెలల ముందే. దాని బ్యానర్ మా కాలేజీలో ఇప్పటికీ ఉంది.

రెండు చోట్ల నాకు జవాబు లేదు

ఒకటి ఫోను. ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని 2020లో ప్రతి పిల్లాడి చేతికీ సొంత ఫోను వచ్చింది, అదీ పెద్దవాళ్ళ ఆశీర్వాదంతో. స్కూలు తెరిచాక దాన్ని వెనక్కి తీసుకున్న తల్లిదండ్రుల్ని నేను చూడలేదు. సాయంత్రం బస్సు ఆలస్యంగా బయల్దేరినా వాళ్ళు గ్రౌండ్లోకి వెళ్తారా, చెట్టు కింద కూర్చుని రీల్స్ చూస్తారా? కొందరు రీల్సే చూస్తారు. దీన్ని కోవిడ్ ఖాతాలో రాస్తే నేను కాదనను.

రెండోది భయం, ఇది ఫోను కన్నా గట్టిది. పోయినేడు కబడ్డీ టీమ్‌కి ఎంపికైన ఒక కుర్రాడి తండ్రి పీడీ గారి దగ్గరికొచ్చి కొడుకు పేరు తీసేయమన్నాడు. "కుర్రాళ్ళకి గుండెలాగిపోతన్నాయంటండి, ఆటలొద్దండి." 2021 అక్టోబర్ 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయినప్పటి నుంచి మన ఇళ్ళలో జిమ్ము అన్న మాటకే ఉలికిపాటు. ఆ తర్వాత ఎవరి ఫోనులో చూసినా పరిగెడుతూ పడిపోయిన వాళ్ళ వీడియోలే. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), 18 నుంచి 45 ఏళ్ళ మధ్యవాళ్ళ హఠాన్మరణాల మీద చేసిన అధ్యయనం వచ్చింది. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదంది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళకీ, కుటుంబంలో అలాంటి మరణాలున్నవాళ్ళకీ, చనిపోయే ముందు రెండు రోజుల్లో బాగా తాగినవాళ్ళకీ, తీవ్రమైన శారీరక శ్రమ చేసినవాళ్ళకీ ముప్పు ఎక్కువగా కనపడిందంది. ఇందులో ఆఖరి ముక్క ఒక్కటే వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది.

ఆ తండ్రిని నవ్వి పంపేయొచ్చు. కానీ రాష్ట్రంలో కేసులు ఎక్కువగా వచ్చిన జిల్లాల్లో తూర్పు గోదావరి ఒకటి, సెకండ్ వేవ్‌లో ఆయన సొంత తమ్ముడు పోయాడు. ఆక్సిజన్ కోసం తిరిగిన మనిషికి "క్రీడలు ఆరోగ్యానికి మంచివి" అని ఎలా చెబుతాం? పీడీ గారు వాదించలేదు. కుర్రాడికి ఈసీజీ తీయించి, డాక్టరు చేత తండ్రికే చెప్పించి, రెండు నెలలు ఉత్త నడక, ఆ తర్వాత నెమ్మదిగా పరుగు, అప్పుడే ఆట అన్నారు. ఇప్పుడు వాడు రైడరు. అంత ఓపిక ఒక్కొక్క పిల్లాడి మీదా పెట్టాలంటే ఒక పీడీ సరిపోడు, అది వేరే మాట.

బస్సు దగ్గర మాత్రం నేను తగ్గదలచుకోలేదు. నిరుడు మేమిద్దరం కలిసి ఒక కాగితం రాసిచ్చాం. అన్ని రూట్లూ వద్దు, రావులపాలెం వైపు బస్సు ఒక్కటి వారానికి మూడు రోజులు ఆరింటికి బయల్దేరేలా చూడండి, ఉండాలనుకున్నవాళ్ళు ఉంటారు, మిగతావాళ్ళు పక్క రూటు బస్సుల్లో సర్దుకుంటారు అని. ప్రిన్సిపాల్ సంతకం పెట్టారు. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి డ్రైవరుకి ఓవర్‌టైమ్ ఎవరిస్తారని అడిగాడు, అకౌంట్స్ వాళ్ళు ఇది స్పోర్ట్స్ ఫీజులోంచా బస్సు ఫీజులోంచా అని అడిగారు. ఫైలు అక్కడే ఉంది. ఈలోపు లిఫ్ట్ బాగైంది, రెండు రోజుల్లోనే.